చెవి మాస్టారు, బావగారి పికప్పు

వాహనాలకి స్పీకర్లు బిగించే పనిలో ఆయన్ని మించినవాడు లేడని ఆ వీధిలో అందరూ ఒప్పుకుంటారు. అందరికంటే ముందు ఆయనే ఒప్పుకుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కొట్టు, అదే మొరాయించే షట్టరు, గోడ మీద మేకులకి వేలాడే అవే పాత స్పీకరు కోన్లు. ఆ పక్కన బ్యాటరీల కొట్టు, ఈ పక్కన సీటు కవర్లు కుట్టే కొట్టు. ఆ రెండు కొట్లవాళ్ళే ఆయనకి చెవి మాస్టారని పేరు పెట్టారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

మిగతా కొట్లలో మీటర్లుంటాయి, మైకులుంటాయి, కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ గీతలు గెంతుతుంటాయి. మాస్టారి కొట్లో అవేమీ ఉండవు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుంటాడు, తలుపు వేసుకుంటాడు, ఒక పాట పెడతాడు, కళ్ళు మూసుకుంటాడు. కారు యజమాని బయట నుంచుని, ఆపరేషను గది ముందు కాపలా ఉన్నవాడిలా గోళ్ళు కొరుక్కుంటాడు. లోపల మాస్టారు ఎడమా కుడీ స్పీకర్ల పాళ్ళు మార్చే మర తిప్పుతాడు, ఆలోచిస్తాడు, వెంట్రుకవాసి వెనక్కి తిప్పుతాడు. చివరికి కళ్ళు తెరిచి, "గొంతు మధ్యలోకి వచ్చింది" అంటాడు. దాంతో పని అయిపోయినట్టు లెక్క. ఆ గొంతు అంతకుముందు ఎక్కడుందని అడిగినవాడు ఇంతవరకూ లేడు. అడిగితే తనకి సంగీతం తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

ఇంతటి మాస్టారికి ఉన్న చిక్కల్లా ఒకటే. రెండేళ్ళుగా ఆయన ఎడమ చెవి పని చెయ్యడం లేదు.

అది ఒక్క రోజులో పోలేదు. పెద్దమనిషిలా చెప్పా పెట్టకుండా, కొద్దికొద్దిగా తప్పుకుంది. మొదట బండి ఇండికేటరు టిక్కుటిక్కుమనడం ఆ పక్క నుంచి మాయమైంది. తరవాత ఫోనులో అవతలివాళ్ళ మాట నూతిలోంచి వచ్చినట్టు వినపడింది. మాస్టారు ఫోను మార్చాడు. కొత్త ఫోనూ నూతిలోంచే మాట్లాడింది. అప్పుడు దాన్ని కుడి చెవికి మార్చుకుని, ఈ విషయం తనకి తానే తెలియనట్టు ఊరుకున్నాడు. ఎడమ చెవిలో ఇప్పుడు మిగిలిందల్లా సన్నటి ఈల ఒకటి. అది మాత్రం పగలూ రాత్రీ నమ్మకంగా పనిచేస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే కాగితం మీద రాస్తారు. కాగితం ఇంటికొస్తుంది, ఇంటి నుంచి వీధికొస్తుంది. చెవి పోయిందని తెలిస్తే ముందు 'చెవి' పోతుంది, దాని వెనకే 'మాస్టారు' పోతుంది, చివరికి మిగిలేది స్క్రూడ్రైవరు పట్టుకున్న ఒక ముసలాయన. అలాంటివాళ్ళు ఆ వీధిలో డజను మంది ఉన్నారు, వాళ్ళనెవరూ కళ్ళు మూసుకోమని బతిమాలడం లేదు.

మరి రెండేళ్ళుగా ఎలా నెట్టుకొచ్చాడంటే, అదంతా సీట్ల మహిమ. డ్రైవరు కుడిపక్క కూర్చుంటాడు. కుడి స్పీకరు ఆయన మోకాలి దగ్గరుంటుంది, ఎడమది అవతలి మూలనుంటుంది. ఎడమదాన్ని కాస్త పెంచితేనే డ్రైవరుకి రెండూ సమంగా వినపడతాయి. ఇది ఈ పని చేసే అందరికీ తెలిసిన సంగతే. మాస్టారు ఆ కాస్తకి తన చెవి లోటు కూడా కలిపి పెంచేవాడు. పాట ఎడమకి లాగుతున్నట్టు ఏ డ్రైవరుకైనా అనుమానం వచ్చినా, మాస్టారి చెవిని కాదని సొంత చెవిని నమ్మేంత ధైర్యం ఎవరికుంది. ఇక ఎడమ సీట్లో కూర్చునేది భార్య, తల్లి, అత్తగారు. వాళ్ళు తల పోటు అంటారు. బండెక్కగానే తల పోటు రావడం వాళ్ళ తత్వమనీ, కిటికీ కాస్త దించితే అదే సర్దుకుంటుందనీ డ్రైవర్లు ఏనాడో తేల్చేశారు. మాస్టారి సొంత వ్యానులో ఆయన భార్య రెండేళ్ళుగా అదే సీట్లో కూర్చుని అదే మాట అంటోంది. ఆయన ఆవిడ చేత మూడుసార్లు కళ్ళజోడు మార్పించాడు.

ఇలా సజావుగా సాగిపోతున్న రోజుల్లో బావగారి పికప్పు వచ్చింది.

బావగారంటే మాస్టారి వియ్యంకుడు, పళ్ళ డాక్టరు. ముప్ఫై అయిదేళ్ళు జనం నోళ్ళలోకి తొంగిచూసి, రిటైరయ్యాక ఇంజన్ల నోళ్ళలోకి తొంగిచూడడం మొదలుపెట్టాడు. ఎక్కడో గోడౌనులో తుప్పు పట్టి పడున్న యాభై ఏళ్ళ పికప్పు ట్రక్కుని కొని, రెండేళ్ళు దాని చుట్టూ ప్రదక్షిణలు చేసి, లేత నీలం రంగు వేయించి, వెనక తొట్టికి కొత్త చెక్కలు కొట్టించాడు. సామాన్లు మొయ్యడానికి పుట్టిన బండి అది. డాక్టరుగారి చేతిలో పడ్డాక అది మోసిన బరువల్లా ఒక మైనం డబ్బా, దాన్ని రుద్దే గుడ్డ. ఎవరైనా "ట్రక్కు బావుందండీ" అంటే మొహం చిట్లించి, "ట్రక్కు కాదు, క్లాసిక్" అని సరిదిద్దుతాడు.

క్లాసిక్కులో అప్పటి రేడియో ఒకటుంది. దానికి రెండు గుండీలు, డాష్‌బోర్డు నడుమ జల్లెడ కింద కాగితపు కోనుతో ఒకే ఒక్క స్పీకరు. అందులోంచి వార్తలు చదివేవాడు జలుబు చేసినట్టు మాట్లాడతాడు. అందుకని కొత్త స్పీకర్లు వేయించాలని డాక్టరుగారు బయలుదేరాడు.

"పాట ఘనంగా వినపడాలి బావగారూ. స్పీకరు మాత్రం కంటికి కనపడకూడదు," అన్నాడు కొట్టులోకి వస్తూనే.

"కనపడదు లెండి."

"తలుపులకి చిల్లు పడకూడదు."

"పడదు."

"డాష్‌బోర్డు కొయ్యకూడదు. ఆ పాత రేడియో ఉన్నచోటు నుంచి కదలకూడదు."

"మరి స్పీకర్లు ఎక్కడ పెట్టమంటారు బావగారూ, మీ చొక్కా జేబులోనా?"

డాక్టరుగారు కాస్త ఆగి నవ్వాడు. ఏళ్ళ తరబడి పళ్ళు తొలిచే మిషను చెవి పక్కన మోగించుకుని బతికిన మనిషి. రెండు చెవులూ సమానంగా అరిగాయి. ఎదుటివాళ్ళ మాట ఆయనకి చేరేసరికి చల్లారిపోయి ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. జనం ఈ మధ్య మరీ గొణుగుతున్నారని ఆయన అభిప్రాయం.

మాస్టారికి ఇది మామూలు పని కాదు. వియ్యంకుడి బండి. అందులోనూ అది తన మనవరాలు తిరగబోయే బండి. పాపకి ఎనిమిది నెలలు. ప్రతి ఆదివారం క్లాసిక్కులో దాన్ని తిప్పాలని డాక్టరుగారి కోరిక. ఆ కోరికకి అడ్డుగా నిలబడింది పాప తల్లి, అంటే మాస్టారి కూతురు. ఆ అమ్మాయి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పాప పుట్టాక ప్రపంచంలో ప్రతి వస్తువుకీ ఒక అంచు, ఒక మొన, ఒక ఉష్ణోగ్రత ఉంటాయని కనిపెట్టింది. మామగారి బండిలో సీటు బెల్టులు లేవని తెలిసిన రోజు ఆ ఇంట్లో ఎవరూ సుఖంగా అన్నం తినలేదు. చివరికి బెల్టులు వేయించారు. పొడవాటి బెంచీ సీట్లో కుడి చివర డ్రైవరు, మధ్యలో తల్లి, ఎడమ కిటికీ పక్కన పాప కుర్చీ. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో కూర్చున్నవాళ్ళకి ఇబ్బంది లేదు. పాప కుర్చీ మాత్రం వెనక్కి తిరిగి ఉండాలి, అంటే పాప వీపూ తలా డాష్‌బోర్డు వైపు, మొహం సీటు వైపు. సడన్ బ్రేకు వేస్తే పసి మెడ మీద భారం పడకుండా అదే పద్ధతని ఆ అమ్మాయి బొమ్మ గీసి, బాణాలు వేసి మరీ అందరికీ చూపించింది. ముందు సీట్లో ఎయిర్ బ్యాగు లేదు కాబట్టి అలా పెట్టినా ప్రమాదం లేదని కింద ఒక గమనిక కూడా రాసింది.

మాస్టారు మూడు రోజులు షట్టరు సగం దించి పనిచేశాడు. ఆ మూడు రోజుల పని చూస్తే ఆయన్ని వెక్కిరించడానికి ఎవరికీ నోరు రాదు. ప్లైవుడ్డు కోసి, కాళ్ళు పెట్టుకునే చోట రెండు పక్కలా ఉన్న ఇనప గోడలకి అచ్చు గుద్దినట్టు సరిపోయే రెండు స్పీకరు పెట్టెలు చేశాడు. వాటికి సీటు రంగు రెగ్జినే తొడిగించాడు. పాత రేడియోని దాని మానాన ఉంచి, కొత్తదాన్ని డాష్‌బోర్డు అరలో దాచాడు. ఇంజను తిరిగినప్పుడల్లా స్పీకర్లో ఈగ ముసురుతున్నట్టు రొద వస్తుంటే, ఎర్తు తీగ తుప్పు మీద బిగించి ఉందని కనిపెట్టి, ఇనుము తళతళలాడేదాకా గీకి మళ్ళీ బిగించాడు. పలచటి రేకు తలుపులు అదిరిపోకుండా లోపల తారు పట్టీలు అంటించాడు. అద్దం కింద రెండు మూలల్లో, డాష్‌బోర్డు మీద, నాణెమంత చిన్న స్పీకర్లు రెండు కూర్చోబెట్టాడు. చెప్తే తప్ప కనపడవు.

తరవాత డ్రైవరు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

ఎడమ మూల నుంచి పాట రావడం లేదు. రాదు మరి. మాస్టారు మర తిప్పాడు. ఇంకాస్త తిప్పాడు. పలచటి స్వరాలు ఆ పక్క నుంచి బొత్తిగా లేవనిపించి, ఎడమ మూలకి విడిగా ఇంకొంచెం పదును పెట్టాడు. గొంతు మెల్లిగా జరుగుతూ జరుగుతూ స్టీరింగు మీదికొచ్చి కూర్చుంది. కళ్ళు తెరిచి, బయటున్న డాక్టరుగారితో అనవలసిన మాట అన్నాడు. డాక్టరుగారు ఎక్కి కూర్చుని, పాటని తన చెవులకి అందేదాకా పెంచి, కళ్ళలో నీళ్ళు తిప్పుకుని, "ఇన్నేళ్ళకి రేడియోకి జలుబు తగ్గింది బావగారూ" అన్నాడు. వియ్యంకులిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఇద్దరికీ కలిపి నాలుగు చెవులు, అందులో సరిగ్గా వినేది ఒకటి.

ఆదివారం నాడు పాపని కుర్చీలో బిగించి, తల్లి పక్కన కూర్చుంది. డాక్టరుగారు పాట పెట్టాడు. వీధి మలుపు తిరగకముందే పాప అందుకుంది. అలాంటి ఇలాంటి ఏడుపు కాదు. మొహం కందగడ్డలా చేసుకుని, ఊపిరి తీసుకోవడం మరచిపోయి, కుడి చేత్తో చెంప పీక్కుంటూ ఏడ్చింది. ఇంటికి తెచ్చి దింపగానే మానేసింది. మరుసటి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారం పాట మొదలవకముందు నవ్వుతూ ఉన్న పిల్ల, పాట మొదలైన క్షణం నుంచీ అదే రాగం.

ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. పాప నాయనమ్మ వేడి చేసిందంది. మాస్టారి భార్య పాలు అరగలేదంది. పాప తండ్రి ఇంటర్నెట్లో వెతికి తొమ్మిది జబ్బులు తెచ్చి, రాత్రికి వాటిని పదకొండు చేశాడు. డాక్టరుగారు పాప నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమి, "పన్ను" అన్నాడు. ముప్ఫై అయిదేళ్ళ అనుభవం మీద ఆయన ఏ బాధకైనా పన్నే కారణమని చెప్పగలడు.

కూతురు మాత్రం తండ్రికి ఫోను చేసింది. స్పీకరు మీదే తనకి అనుమానమని చెప్పింది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ వేసి చూశాననీ, పాప తల దగ్గర ఒక అంకె, మామగారి తల దగ్గర ఇంకో అంకె వస్తున్నాయనీ, తేడా పది డెసిబెల్స్ పైనే ఉందనీ చెప్పింది.

"ఫోను మైకు మాట్లాడుకోడానికమ్మా, కొలవడానికి కాదు," అన్నాడు మాస్టారు.

"పది డెసిబెల్స్ అంటే పదింతల శక్తి నాన్నా."

"ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఇది. నాకు నువ్వు చెబుతావా?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "చెప్పడం లేదు, అడుగుతున్నాను. అది నోరు లేని పిల్ల. నాకు భయంగా ఉంది. ఒక్కసారి చూడు," అంది.

కూతురు వాదిస్తే మాస్టారు సాయంత్రం దాకా వాదించగలడు. అడిగితే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. మంగళవారం డాక్టరుగారు బండి తెచ్చి కొట్టు ముందు పెట్టి, కోడలి అనుమానం తీర్చమని చెప్పి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

తప్పంతా కుర్చీదేనని రుజువు చెయ్యాలని మాస్టారి ఉద్దేశం. పట్టీ కొక్కెం ఏదో పిల్లని గుచ్చుతూ ఉండాలి. కుర్చీ విప్పి, అటూ ఇటూ తిప్పి, పట్టీలన్నీ చేత్తో నొక్కి చూశాడు. గుచ్చుకునేదేమీ దొరకలేదు. కుర్చీని కింద పెట్టాడు. పిల్ల అక్కడ కూర్చుని ఏం చూసి అంత బెదిరిపోతోందో, తనూ చూద్దామనిపించింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, పక్క కొట్టువాళ్ళు చూస్తున్నారేమోనని ఒకసారి చూసుకుని, ఎడమ సీటు మీద మోకాళ్ళ మీద ఎక్కి, వెనక్కి తిరిగి, వీపు డాష్‌బోర్డుకి ఆనించి, తల పాప తల ఉండే ఎత్తుకి దించాడు. ఎదురుగా సీటు రెగ్జిను, దాని పైన వెనక అద్దం, అద్దంలోంచి ఖాళీ తొట్టి. బెదరడానికి ఏమీ లేదు. చెయ్యి వెనక్కి చాపి, ఆదివారం ఎక్కడుందో అక్కడే ఉన్న మరని ముట్టుకోకుండా, పాట పెట్టాడు.

ఆయన వెనక్కి తిరిగి ఉన్నాడు. కాబట్టి ఎడమ మూల ఆయన కుడి చెవి పక్కకొచ్చింది.

రెండేళ్ళలో మొదటిసారి మాస్టారు తన పనిని తను విన్నాడు. అది పాటలా లేదు. ఎవరో పళ్ళెం మీద చెంచాతో చెవి పక్కన ఆగకుండా కొడుతున్నట్టుంది. గొంతు మధ్యలో లేదు, ఎక్కడా లేదు, ఆ నాణెమంత స్పీకర్లోంచి సూదిలా వచ్చి లోపల దిగుతోంది. అర నిమిషం ఓర్చుకున్నాడు. పాప ఓ ఆదివారం ఇరవై నిమిషాలు ఓర్చుకుందని గుర్తొచ్చింది. ఆపేసి, అలాగే మోకాళ్ళ మీద, సీటు వీపుకి నుదురు ఆనించి ఉండిపోయాడు. మూడు ఆదివారాలు.

తరవాత ఈ రెండేళ్ళలో తను బిగించిన మిగతా బండ్లు వరస కట్టాయి. స్కూలు వ్యాను. సీటు కవర్లాయన అల్లుడి కారు. కొత్తగా పెళ్ళయిన జంట తెచ్చిన ఎర్ర కారు. ఆ పెళ్ళికూతురు ఎడమ సీట్లో కూర్చుని, బావుందా అని మొగుడడిగితే బావుందని బుర్ర ఊపింది. తన వ్యాను. మూడు కళ్ళజోళ్ళు.

ఇక్కడ మాస్టారి గురించి ఏ మాటకామాట చెప్పుకోవాలి. మొదట ఆయనకి వచ్చింది పశ్చాత్తాపం కాదు, ఉపాయం. ఏదో తీగ వదులైందని చెప్పొచ్చు. మర కాస్త కుడికి తిప్పేసి, పాప ఏడుపు మానాక, చూశారా తీగే అనొచ్చు. మర మీద చెయ్యి వేశాడు కూడా. అప్పుడు తెలిసింది అసలు కష్టం. ఎంత తిప్పాలి? డ్రైవరు సీట్లో కూర్చుంటే ఎడమ చెవి అబద్ధం చెబుతుంది. వెనక్కి తిరిగితే కుడి చెవి సగమే చెబుతుంది. రెండు చెవులున్న మనిషి ఒకరు కావాలి, లేకపోతే ఆయన ముప్ఫై ఏళ్ళు ఈసడించిన మీటరు కావాలి. రెండిట్లో ఏది అడిగినా ఎందుకని అడుగుతారు. కొలవకుండా ఊహించి తిప్పితే, ఆ సీట్లో కూర్చునేది ఎనిమిది నెలల పిల్ల.

సాయంత్రం నాలుగింటికి డాక్టరుగారు వచ్చి, నేరుగా డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి నుంచున్నాడు. ఈ మాట అనడానికి మధ్యాహ్నం నుంచీ సాధన చేశాడు. మెల్లిగా, మర్యాదగా, ఇద్దరి మధ్యే ఉండిపోయేలా అన్నాడు.

"బావగారూ, నాకు ఎడమ చెవి వినపడదు."

"ఆ?" అన్నాడు డాక్టరుగారు.

"నా ఎడమ చెవి. పనిచెయ్యడం లేదు."

"కాస్త పైకి చెప్పండి బావగారూ, ఇంజను రొద."

మాస్టారు కిటికీలోకి తల పెట్టి మూడోసారి చెప్పాడు. డాక్టరుగారు చిరునవ్వుతో తల ఊపాడు. ఏమీ అందలేదన్నమాట. ఆయన అలా నవ్వడం మాస్టారికి కొత్త కాదు. పెళ్ళి మాటలప్పుడు కూడా చాలావాటికి అలాగే తల ఊపి ఒప్పుకున్నాడు. రెండేళ్ళుగా గొంతులో దాచుకున్నది, ఒకసారి బయటికి రావడం మొదలయ్యాక ఇక లోపలికి పోలేదు.

"నాకు ఎడమ చెవి వినపడదండీ. రెండేళ్ళయింది. మీ బండి పని తప్పు చేశాను. పాప అందుకే ఏడుస్తోంది," అని అరిచాడు.

సరిగ్గా ఆ అరుపు మధ్యలోనే డాక్టరుగారు ఇంజను ఆపేశాడు. మాట చివరి సగం వీధి ఆ చివర దాకా వెళ్ళొచ్చింది. కుట్టు మిషను ఆగింది. బ్యాటరీల కొట్లో ఎవరో చేతిలోది కింద పెట్టారు. మాస్టారు వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహాలు చూడాలి.

బ్యాటరీల ఆయనే ముందు మాట్లాడాడు. తాపీగా నడిచొచ్చి, మాస్టారికి కుడిపక్కన నుంచుని, "ఆ సంగతి మాకు తెలుసు కదా మాస్టారూ," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"రెండేళ్ళ నుంచీ నీకు కుడిపక్కకే వచ్చి మాట్లాడుతున్నాం. ఎడమ పక్క నుంచి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. నీకు తెలుసనుకున్నాం, మేమలా వస్తున్నామని."

సీటు కవర్లాయన గుమ్మంలోంచి, "ఇంట్లో చెల్లెమ్మకీ తెలుసు. నాలుగు కుర్చీలూ ఖాళీగా ఉన్నా వెతుక్కుని నీ కుడిపక్కే కూర్చుంటుంది," అని కలిపాడు.

మాస్టారు ఒక్కసారి ఆ రెండేళ్ళనీ తిరగేసి చూసుకున్నాడు. నిజమే. ఎంత జాగ్రత్తగా దాచాడో, అంత జాగ్రత్తగా అందరూ దాచనిచ్చారు. "మరి పని ఎందుకు ఇచ్చారయ్యా నాకు? మీ అల్లుడి కారు ఎందుకు తెచ్చావు?" అని అడిగాడు.

సీటు కవర్లాయన బుర్ర గోక్కున్నాడు. "కళ్ళు మూసుకుని చేస్తావు కదా. చెవితో పని లేదేమో అనుకున్నాం."

డాక్టరుగారు ఇంతసేపూ ఒకరి పెదవుల నుంచి ఇంకొకరి పెదవులకి చూపు తిప్పుతున్నాడు. విషయం చేరాక బండి దిగాడు. కోపగిస్తాడని మాస్టారు అనుకున్నాడు. ఆయన మాత్రం, తనకి మొదటి నుంచీ అనుమానమేననీ, ఎంత పెంచినా పాట సరిగ్గా వినపడకపోవడానికి ఇప్పుడు కారణం దొరికిందనీ, తప్పు బావగారి చెవిదేనని తేలినందుకు మనసు తేలికపడిందనీ చెప్పాడు. ఆయన చెవుల సంగతి ఆ పూట ఎవరూ ఎత్తలేదు. ఒక రోజుకి ఒక చెవి చాలు.

కబురు అందిన అరగంటలో కూతురు వచ్చింది. పాపని అమ్మమ్మ దగ్గర వదిలి, ఫోనుతో పాటు కాలేజీ ప్రయోగశాల నుంచి శబ్దం కొలిచే అసలు మీటరు ఒకటి పట్టుకొచ్చింది. తండ్రిని ఒక్క మాటా అనలేదు. అంటే బావుండేదని ఆయనకి అనిపించింది. ఆ అమ్మాయి ఎడమ సీట్లో కూర్చుని, మీటరుని పాప తల ఉండే ఎత్తులో పట్టుకుని, ఒక్కో చోటా అంకె చదివింది. ఆయన డ్రైవరు సీట్లోంచి మర తిప్పాడు. ఇంకా అంది. తిప్పాడు. ఇంకా అంది. ఆయన ఆపి, "ఇంకా తగ్గిస్తే ఆ పక్కసలు ఏమీ ఉండదమ్మా," అన్నాడు.

"ఉంది నాన్నా. నాకు వినపడుతోంది."

తిప్పాడు. పాట మొత్తం కుడికి జారి, ఆయన భుజం దాటి, కిటికీలోంచి బయటికి పోయినట్టయింది. ఎడమ పక్క ఉత్త ఖాళీ, అందులో ఆ సన్నటి ఈల. "ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది కూతురు. సరిగ్గా ఉన్న పాట ఇకమీదట ఆయనకి ఇలాగే ఉంటుంది. మాస్టారు మర మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కూతురు మీటరు ఆపి, దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి ఆయన కుడిపక్క కిటికీ దగ్గర నుంచుని, "పాపని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను రేపు. నువ్వూ వస్తున్నావు," అంది. అది అడగడం కాదు. అది ఆయనకి తేలిగ్గా ఉంది.

పాప చెవులు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఆ మాట చెవి డాక్టరు నాలుగుసార్లు చెప్పాకే తల్లి నమ్మింది, కాగితం మీద రాయించుకుని అయిదోసారి నమ్మింది. అదే గదిలో మాస్టారిని కూడా కూర్చోబెట్టారు. పరీక్ష కాగితం మీద ఆయన కుడి చెవి గీత ఓ మాదిరిగా నడిచింది, ఎడమ చెవి గీత మెట్లు జారినట్టు కిందికి పోయింది. తిరిగి రాదన్నారు. ఆదివారం క్లాసిక్కులో పాప బెల్టు పట్టీ నములుతూ, ఎదురుగా ఉన్న రెగ్జినుని చూస్తూ, చప్పుడు చెయ్యకుండా తిరిగొచ్చింది. చిగురులో పన్ను కూడా ఒకటి కనపడింది. డాక్టరుగారు దాన్ని పదిమందికీ చూపించాడు, మొదటి నుంచీ తను చెబుతున్నది ఇదేనని.

ఇప్పుడు మాస్టారి కొట్లో ఒక మీటరు ఉంది. దాని వెంట ఒక కొత్త నిబంధన కూడా వచ్చింది. కారు తెచ్చినవాణ్ణి ఆయన ముందుగా అడిగేది, ఎడమ సీట్లో ఎవరు కూర్చుంటారని. భార్యో తల్లో అని చెబితే, వాళ్ళని వెంటబెట్టుకు రమ్మంటాడు. ఎందుకంటే మాత్రం దాచకుండా, నాకు ఒక చెవి లేదు, వాళ్ళకి రెండున్నాయి అంటాడు. మొదటి నెలలో ఈ మాట విని ముగ్గురు, పని గుర్తొచ్చిందని కారు వెనక్కి తిప్పుకుపోయారు. పాత కార్లు కొన్ని ఆయనే కబురు పెట్టి రప్పించాడు. స్కూలు వ్యాను ముందు వచ్చింది. సొంత వ్యాను సరిచేసిన రోజు భార్య అందులో కూర్చుని ఊరు చుట్టొచ్చి, దిగి, మూడో కళ్ళజోడు తీసి ఆయన చేతిలో పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ తరవాత వారం రోజులు ఆవిడ అనబోయేదాని కోసం ఆయన ఎదురుచూశాడు.

నాలుగోవాడు వెళ్ళిపోలేదు. మర్నాడు తల్లిని తీసుకొచ్చాడు. బక్కపలచటి పెద్దావిడ, చేతి సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎడమ సీట్లో సర్దుకుంది. కొడుకు బయట నుంచుని, అమ్మకి సంగీతం గురించి ఏమీ తెలియదని మాస్టారికి ముందే క్షమాపణ చెప్పుకున్నాడు. మాస్టారు డ్రైవరు సీట్లో కూర్చుని, ఆవిడ మొహంకేసి తిరిగి, కళ్ళు మూసుకోకుండా పాట పెట్టాడు.

"ఎలా ఉందమ్మా?"

ఆవిడ కాసేపు శ్రద్ధగా వింది. ఇన్నేళ్ళలో ఆ సీట్లో కూర్చున్న తనని ఎవరైనా ఏదైనా అడగడం ఇదే మొదలని మొహం చూస్తే తెలుస్తోంది.

"ముందు దాన్ని ఆపు నాయనా," అంది. "వాడు బండి తోలే పద్ధతి గురించి నీతో కాస్త మాట్లాడాలి."